ఆకుపచ్చ అరచేతులు

చచ్చినవాడి అరచేతులు ఆకుపచ్చగా ఉన్నాయి.

గుంటలోంచి పైకి తీసి టార్పాలిన్ మీద పడుకోబెట్టారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఫ్యూయల్ టెర్మినల్‌లో నైట్ షిఫ్ట్ ఆపరేటర్. ఒంటి మీద ఎక్కడా గాయం లేదు. ప్యాంటు మోకాళ్ళ పైదాకా పెట్రోలులో తడిసింది. రెండు చేతుల వేళ్ళూ లోపలికి ముడుచుకుని, దేన్నో పట్టుకుని ఇంకా వదలనట్టు బిగుసుకుపోయాయి.

హెడ్ కానిస్టేబుల్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వంగి చూశాడు.

"విషం మేడమ్. ఒళ్ళు పచ్చబడింది."

"విషం అరచేతుల దాకా వచ్చి మణికట్టు దగ్గర ఆగిపోతుందా?" అంది ఇన్‌స్పెక్టర్. "రంగు. పచ్చి పెయింట్. ఫోటో తియ్యండి."

స్టేషన్‌లో ఆమె వెనకాల అందరూ ఆమెను కారం మేడమ్ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. వచ్చిన పతకాలకంటే ఆ పేరే ఆమెకు ఎక్కువ ఇష్టం.

ఉదయం ఏడు దాటింది. చుట్టూ పొలాలు. మధ్యలో ముళ్ళకంచె. కంచె లోపల ఎనిమిది పెద్ద ట్యాంకులు. ప్రతి ట్యాంకు చుట్టూ ఒక కాంక్రీటు గోడ. దాన్ని డైక్ అంటారు. ట్యాంకు కారినా, పైపు పగిలినా, కారిందంతా ఆ గోడ లోపలే నిలవాలి. ఊళ్ళోకి, పొలంలోకి, వాగులోకి పోకూడదు. గోడ కట్టింది అందుకే. కానీ గోడ లోపల వాననీళ్ళు కూడా నిలుస్తాయి కదా. వాటిని వదలడానికి గోడ అడుగున ఒక పైపు, గోడ బయట ఒక గుంటలో ఆ పైపుకి ఒక వాల్వ్. ఆ వాల్వ్ ఎప్పుడూ మూసి ఉండాలి. వాన పడ్డాక నీళ్ళ మీద నూనె తెట్టు లేదని చూసుకుని, పక్కనే నిలబడి నీళ్ళు వదిలి, వెంటనే మూసెయ్యాలి. ఇంతకంటే తేలికైన పని లోకంలో ఉండదు. అందుకే దాన్ని ఎవరూ సరిగ్గా చెయ్యరు.

గుంట పక్కన మనిషంత ఎత్తు బోర్డు ఉంది. నవ్వుతున్న చేప బొమ్మ. కింద పెద్ద అక్షరాలు: 'ఇక్కడి నుంచి వెళ్ళే ప్రతి చుక్కా స్వచ్ఛం.'

బోర్డు కింద నుంచి వెళ్ళే కాలవ పెట్రోలు కంపు కొడుతోంది.

గోడలకు ఆకుపచ్చ రంగు. పైపులకు ఆకుపచ్చ రంగు. వాల్వ్ చక్రానికి, బోల్టులకు, చెత్తబుట్టలకు, ఆఖరికి కంచె పక్కనున్న రాళ్ళకు కూడా ఆకుపచ్చ రంగే. పర్యావరణం మీద ప్రేమ పుట్టుకొస్తే ఈ టెర్మినల్ వాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది రంగుల డబ్బా.

"నమస్కారం మేడమ్." మేనేజర్ వచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. టై. అద్దానికి బదులు వాటిలో ముఖం చూసుకోవచ్చు, అలాంటి బూట్లు. "చాలా దురదృష్టకరం. ఒక చిన్న రిక్వెస్ట్. పదకొండింటికి పర్యావరణ తనిఖీ బృందం వస్తోంది. ఈలోగా ఇది తీసేస్తే బాగుంటుంది."

"ఇది అంటే?"

"అదే... బాడీ."

ఇన్‌స్పెక్టర్ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. చెప్పుకి అంటుకున్న బురదని చూసినట్టు చూసింది.

"ఏం జరిగిందో చెప్పండి."

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. చెప్పాల్సిన కథ ముందే నెమరేసుకున్న మనిషిలా గడగడా చెప్పాడు.

"దొంగతనం మేడమ్. మూడో నంబరు ట్యాంకు పైపు జాయింట్ వదులు చేశాడు. పెట్రోలు డైక్‌లోకి కారింది. తర్వాత గుంటలో దిగి ఈ డ్రెయిన్ వాల్వ్ తెరిచాడు. పెట్రోలు కాలవలోకి వదిలి, బయట క్యాన్లలో పట్టుకుందామని ప్లాన్. కానీ గుంటలో ఆవిరి కమ్మేసింది. అక్కడే పోయాడు. నేను ఆరింటికి వచ్చి చూసేసరికి పెట్రోలు వాగులోకి పోతోంది. వెంటనే దిగి వాల్వ్ మూసేశాను."

"మీరే?"

"నేనే. ప్రాణాలకు తెగించి."

"మీ చొక్కా చాలా తెల్లగా ఉంది."

"మార్చుకున్నానండీ. తనిఖీ ఉంది కదా."

"చేతులకి రంగు అంటలేదే?"

"గ్లౌజులు వేసుకున్నాను. పారేశాను." మేనేజర్ శవం వైపు వేలు చూపించాడు. "వాడి చేతులు చూడండి మేడమ్. వాల్వ్ తిప్పింది వాడే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

అది నిజమే. వాల్వ్ తిప్పింది వాడే. రంగు అబద్ధం చెప్పదు. ఆ మాట ఇన్‌స్పెక్టర్ కూడా ఒప్పుకుంది.

కాలవ గట్టు మీద రెండు ప్లాస్టిక్ క్యాన్లు ఉన్నాయి. ఖాళీవి. మేనేజర్ వాటిని ప్రదర్శనలో బొమ్మల్లా చూపించాడు. ఇన్‌స్పెక్టర్ ఒకదాన్ని ఎత్తి మూత తీసి వాసన చూసింది. మొహం చిట్లించింది. మళ్ళీ మూత పెట్టింది.

డైక్ లోపల ఫైర్ సిబ్బంది నురగ చల్లి, మిగిలిన పెట్రోలును పంపుతో వేరే ట్యాంకులోకి ఎక్కిస్తున్నారు. కారిన జాయింట్ దగ్గరికి ఆమె నిచ్చెన మీదుగా వెళ్ళింది. రెండు పైపుల మధ్య ఉండే రబ్బరు వాషర్ ఒక పక్క చిరిగి నాలుకలా బయటికి వేలాడుతోంది. చుట్టూ బోల్టులు. వాటి మీద ఆకుపచ్చ రంగు నున్నగా, ఒక్క గీత లేకుండా మెరుస్తోంది.

ఆమె గుంట దగ్గరికి తిరిగి వచ్చింది. ఫైర్ ఆఫీసర్ ఆవిరి కొలిచే మీటరు పెట్టి చూసి, దిగొచ్చన్నాడు. ఛాతీ లోతు గుంట. ఆమె దిగింది. వాల్వ్ చక్రం బస్సు స్టీరింగ్ అంత ఉంది. చక్రం మీద రెండు చేతుల గుర్తులు, ఒకదాని మీద ఒకటి, ఎన్నో. రంగు చెదిరి కింద ఇనుము కనిపిస్తోంది. చక్రం నడిమధ్యలో ఒక స్క్రూ రాడ్ కొన బొటనవేలంత పైకి కనిపిస్తోంది. మిగతాదంతా లోపలే. ఆ రాడ్ చుట్టూ, అది చక్రంలోకి దిగే చోట, ఆకుపచ్చ తుక్కు పేరుకుని ఉంది. పెన్సిలు చెక్కితే రాలే పొట్టులా సన్నగా, మెలికలు తిరిగి ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఆ తుక్కుని చాలాసేపు చూసింది. తర్వాత చిటికెడు తీసి కవరులో వేసుకుంది.

"చెత్త కూడా ఎవిడెన్సేనా మేడమ్?" అని నవ్వాడు మేనేజర్, పైనుంచి.

"మీ టెర్మినల్‌లో ఇప్పటిదాకా నాకు కనపడిన నిజం ఇదొక్కటే," అంది ఆమె.

*

గేటు దగ్గర గొడవ.

ఊరివాళ్ళు యాభై మంది దాకా ఉన్నారు. ముందు నిలబడింది వాగు పక్కన పొలమున్న పెద్దాయన. చేతిలో బకెట్. బకెట్‌లో చచ్చిన చేపలు. వాటి కళ్ళు తెల్లబడ్డాయి.

"చూడండమ్మా. వాగంతా ఇలా తేలాయి. నీళ్ళ మీద ఇంద్రధనుస్సులా నూనె. మా పశువులకేం పొయ్యాలి? మేమేం తాగాలి?" ఆయన బకెట్ కింద పెట్టాడు. "వాడు మా ఊరివాడే. మా నోటి దగ్గరి నీళ్ళలో విషం కలిపాడు. శవాన్ని మా వీధిలోంచి తీసుకెళ్ళనివ్వం. ఎక్కడ కాల్చుకుంటారో, పాతిపెట్టుకుంటారో వాళ్ళిష్టం."

"వాడే చేశాడని మీకెవరు చెప్పారు?"

"మేనేజరు గారు. పొద్దున్నే మైకు పెట్టి మరీ చెప్పారు."

శవం లేచేలోపే మైకు లేచింది. ఇన్‌స్పెక్టర్ పళ్ళు కొరికింది.

గోడ నీడలో ఒక ఆడమనిషి ఒంటరిగా నిలబడి ఉంది. ఆమెకూ ఊరివాళ్ళకూ మధ్య పదడుగుల ఖాళీ. ఎవరూ ఆమె దగ్గరికి పోవడం లేదు. చనిపోయినవాడి భార్య.

ఇన్‌స్పెక్టర్ ఆ ఖాళీ దాటి వెళ్ళింది.

"ఏమ్మా, మీ ఆయన డ్యూటీకి ఎప్పుడొచ్చాడు?"

"నిన్న రాత్రి పదింటికి. వారం రోజులు సెలవులో ఉన్నాడు. జ్వరం. ఇంకా నీరసంగా ఉంది, రెండ్రోజులు ఆగమన్నా. తనిఖీ ఉందట, రాకపోతే ఊరుకోరట."

"వారం రోజుల్లో ఒక్కసారైనా ఇటు వచ్చాడా?"

"మంచం దిగితేగా."

"డబ్బు ఇబ్బందులేమైనా ఉన్నాయా? ఎవరితోనైనా స్నేహాలు, క్యాన్ల బేరాలు?"

ఆమె తల ఎత్తింది. ఏడ్చిన కళ్ళు కావు. ఏడవడానికి కూడా ఎవరూ తీరిక ఇవ్వని కళ్ళు.

"మేడమ్, మా ఇంటి పెరడు ఆ వాగు గట్టు మీదే. నేను బట్టలుతికేది ఆ నీళ్ళలోనే. దాంట్లో పెట్రోలు పొయ్యడానికి ఆయనకేం పిచ్చా?" కొంగు బిగించుకుంది. "నాకు వేరే ఏమొద్దు. పెళ్ళయ్యాక నన్ను పెద్ద వీధిలోంచి ఇంటికి తీసుకొచ్చాడు, ఆ వీధిలోంచే ఆయన్ని తీసుకెళ్ళాలి. దొడ్డిదారిన తీసుకెళ్ళను. సందులోంచి దొంగలా తీసుకెళ్ళను."

"సాయంత్రం దాకా ఆగమ్మా."

"ఎన్నాళ్ళయినా ఆగుతాను."

*

ఆఫీసులో ఏసీ గుయ్‌మంటోంది. గోడ నిండా సర్టిఫికెట్లు. ఒక మూల పెద్ద అద్దాల బీరువా. అందులో ఆరు కొత్త గ్యాస్ మాస్కులు, ఒక్కోదానికి ఆకుపచ్చ రిబ్బన్. బీరువాకి తాళం. తాళం పైన చీటీ: 'ప్రదర్శన కొరకు. ముట్టుకోరాదు.'

ఇన్‌స్పెక్టర్ ఆ చీటీని రెండుసార్లు చదివింది.

సేఫ్టీ ఆఫీసర్ ఎదురుగా నిలబడ్డాడు. సన్నటి మనిషి. గదిలో కూడా హెల్మెట్ తియ్యలేదు. పైకప్పు ఎప్పుడు కూలుతుందో అన్నట్టున్నాడు.

"డ్రెయిన్ వాల్వ్ రూలేంటి?"

"ఎల్లప్పుడూ మూసి ఉండవలెను." పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"నిన్న?"

"మూసే ఉందండీ."

"మీరు చూశారా?"

"చూడటమంటే... రూల్ ఉంది కదండీ."

"రూల్ ఉంటే వాల్వ్ దానంతటదే మూసుకుంటుందా?"

అతను మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ కిటికీలోంచి చూస్తున్నాడు, అక్కడేదో కొత్త ట్యాంకు పుట్టుకొచ్చినట్టు.

"పొద్దున ఆపరేటర్ ఫోన్ చేశాడా మీకు?"

"లేదండీ."

"ఆలోచించి చెప్పండి. కాల్ డేటా తెప్పిస్తున్నాను."

"లేదండీ," అన్నాడతను. కానీ హెల్మెట్ అంచు నుంచి చెమట చెంప మీదికి జారింది. ఏసీ మాత్రం గుయ్‌మంటూనే ఉంది.

"పెయింటర్ ఎక్కడ?"

పెయింటర్‌ని వెతికి పట్టుకోవడానికి ఇబ్బంది పడలేదు. చెవుల దాకా ఆకుపచ్చగా ఉన్న మనిషి ఎంత దూరం దాక్కోగలడు? నలభై దాటిన బక్క మనిషి. తన పని గురించి అడిగేసరికి ముఖం వెలిగిపోయింది.

"నేనే మేడమ్! మొత్తం నేనే! పది రోజుల పని. రాళ్ళకి కూడా వేశాను."

"రాళ్ళకెందుకు?"

"సారు చెప్పారు. 'తనిఖీ వాళ్ళు ఎటు చూసినా పచ్చగా కనపడాలి. కంటికి కనపడ్డ ఇనుమంతా పచ్చగా ఉండాలి' అన్నారు. నా చేతిలో బ్రష్ పడితే ఇంక వదలను మేడమ్. కనపడ్డదంతా వేశాను. ఒక్క అంగుళం వదిల్తే అడగండి."

"మూడో ట్యాంకు డ్రెయిన్ వాల్వ్‌కి ఎప్పుడు వేశావు?"

"నిన్న సాయంత్రం నాలుగింటికి. ఆఖరి పని అదే. సారు దగ్గరుండి చూశారు. 'శభాష్' అన్నారు కూడా."

"మొత్తం వేశావా? చక్రం, కింద కాళ్ళు, మధ్యలో రాడ్?"

"అన్నీ మేడమ్. ఆ రాడ్‌కి మరలుంటాయి కదా, సన్న బ్రష్ పెట్టి ఒక్కో మర సందులోకి దూర్చి వేశాను. మెకానిక్ వచ్చి తిట్టాడు, దానికి గ్రీజు పుయ్యాలి గానీ రంగెవడు వేస్తాడ్రా అని. సారేమో 'గ్రీజు నల్లగా ఉంటుంది, రంగే వెయ్యి' అన్నారు."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె పెదవి ఒక పక్కకి కదిలింది. దాన్ని నవ్వు అనుకునేవాళ్ళు ఆమెను ఎరగనివాళ్ళు.

"ఇంకొక్క మాట. ఈ క్యాన్లు ఎప్పుడైనా చూశావా?"

హెడ్ కానిస్టేబుల్ రెండు క్యాన్లూ బల్ల మీద పెట్టాడు. పెయింటర్ వాటి మీద పడిపోయాడు.

"నావే! రంగులో కలిపే టర్పెంటైన్ క్యాన్లు! పొద్దున్నుంచి షెడ్డంతా వెతుకుతున్నా మేడమ్. ఇవిగో, అడుగున నా బ్రష్ చుక్కలు. ఎవరు పారబోశారో గానీ నిండా ఉండాల్సింది!"

కిటికీ దగ్గర మేనేజర్ మెడ మెల్లగా ఎర్రబడింది.

*

పదకొండింటికి తనిఖీ బృందం వచ్చింది. ముగ్గురు. గేటు దగ్గర పూలగుత్తులు తీసుకుని, ఆఫీసులో బిస్కట్లు తిని, టీ తాగి, శవం సంగతి విని, "అయ్యో" అని, ఇంకో టీ తాగారు. ఇన్‌స్పెక్టర్ వాళ్ళని కదలొద్దంది. వాళ్ళు అభ్యంతరం చెప్పారు. ఆమె వినలేదు.

ఒంటిగంట అయింది. డైక్ ఖాళీ అయింది. ఫైర్ ఆఫీసర్ గుంటని నీళ్ళతో కడిగించి, మళ్ళీ మీటరు పెట్టి చూసి, తల ఊపాడు.

గుంట చుట్టూ అందరూ నిలబడ్డారు. మేనేజర్, సేఫ్టీ ఆఫీసర్, పెయింటర్, పూలగుత్తులు ఎక్కడ పెట్టాలో తెలియని తనిఖీ బృందం. ఊరి పెద్దాయనను, చనిపోయినవాడి భార్యను హెడ్ కానిస్టేబుల్ గేటు నుంచి తీసుకొచ్చాడు. పెద్దాయన ఆమెకు దూరంగా నిలబడ్డాడు.

"మేనేజర్ గారూ," అంది ఇన్‌స్పెక్టర్. "మీ కథ ఇంకోసారి. ఆపరేటర్ వాల్వ్ తెరిచాడు. మీరు మూశారు. అంతేనా?"

"అంతే మేడమ్."

"ఎన్ని తిప్పులు తిప్పితే మూసుకుంది?"

"తిప్పులా... రెండు, మూడు. గట్టిగా."

"బాగుంది. అయితే దిగి తెరవండి."

"నేనా? మనుషులున్నారు కదండీ..."

"ప్రాణాలకు తెగించి మూసింది మీరే కదా. ఇప్పుడు ప్రాణభయం కూడా లేదు. దిగండి."

తనిఖీ అధికారి ముందు కాదనలేక అతను దిగాడు. మెరిసే బూట్లు బురదలో చప్పుడు చేశాయి. చక్రం పట్టుకుని తిప్పాడు. ఒకటి. రెండు. మూడు. రాడ్ వేలెడు కూడా లేవలేదు. నాలుగో తిప్పుకి టై చక్రానికి చుట్టుకుంది. లాక్కుని, విప్పి, జేబులో కుక్కుకున్నాడు. పదో తిప్పుకి ఊపిరి అందలేదు. ఆగాడు.

"ఆగకండి," అంది ఆమె. "గాలి బాగానే ఉంది కదా లోపల."

అతను తిప్పాడు. ఆగి, తిప్పి, మళ్ళీ ఆగాడు. తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చక్రం మధ్యలోంచి స్క్రూ రాడ్ కొంచెం కొంచెంగా పైకి లేస్తోంది.

జానెడు లేచింది.

మూరెడు లేచింది.

"చాలు. పైకి రండి. అందరూ ఆ రాడ్‌ని చూడండి. ఏ రంగు?"

రాడ్ ఆకుపచ్చగా ఉంది. మరల అంచుల మీద గీరుకుపోయి ఇనుము బయటపడింది గానీ, ఒక్కో మర సందులో ఆకుపచ్చ రంగు నిండా ఉంది. కింది నుంచి పైదాకా అలాగే ఉంది.

"అది నేనే వేశాను!" అన్నాడు పెయింటర్, ఆపుకోలేక.

"అవును. నువ్వే వేశావు." ఇన్‌స్పెక్టర్ గుంట అంచున నిలబడింది. "మీ అందరి ఇళ్ళల్లో తలుపులున్నాయి. తలుపు మూసి రంగు వేస్తే తలుపు అంచుకి రంగు అంటదు. అంచుకి కూడా రంగుందంటే, వేసినప్పుడు ఆ తలుపు తెరిచి ఉన్నట్టు. ఈ వాల్వ్ మూసి ఉంటే ఈ రాడ్ మొత్తం లోపల ఉంటుంది. బ్రష్ కాదు కదా, వెంట్రుక కూడా దూరదు. వాల్వ్ తెరిస్తేనే రాడ్ పైకి వస్తుంది. నిన్న నాలుగింటికి దీని మర మరకీ రంగు పడింది. అంటే నిన్న నాలుగింటికి ఈ వాల్వ్ బార్లా తెరిచి ఉంది."

తనిఖీ అధికారి పూలగుత్తి చేతులు మార్చుకున్నాడు.

"ఆపరేటర్ డ్యూటీకి వచ్చింది రాత్రి పదింటికి. వారం నుంచి మంచం మీదున్నాడు. నిన్న నాలుగింటికి ఇక్కడున్నది ఎవరు? పెయింటర్. పక్కన నిలబడి శభాష్ అన్న మేనేజర్." ఆమె కవరు పైకెత్తింది. "ఇది పొద్దున చక్రం మీద దొరికింది. రంగు తుక్కు. పైకి ఉన్న రాడ్ కిందికి దిగుతూ ఉంటే, చక్రం దగ్గర రంగు గీరుకుపోయి ఇలా పైన రాలుతుంది. ఆరీ ఆరని రంగు మీద వాల్వ్‌ని ఒకే ఒక్కసారి తిప్పారు. తిప్పింది తెరవడానికి కాదు, మూయడానికి. ఆ తిప్పినవాడి చేతులకి రంగంటింది. ఎవరి చేతులకంటిందో పొద్దున మేనేజర్ గారే నాకు వేలు పెట్టి చూపించారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అని కూడా అడిగారు. నిజమే, ఇంకేమీ అక్కర్లేదు."

"జాయింట్ వదులు చేసింది వాడే..." మేనేజర్ గొంతు కీచుమంది.

"ఆ బోల్టుల మీద రంగుకి గీత కూడా పడలేదు. పానా తగిలితే ఊడొచ్చేది. వాషర్ పాతబడి చిరిగింది. రంగుకి ఖర్చు పెట్టారు గానీ వాషర్ మార్చలేదు, అది పైకి కనపడదు కాబట్టి. క్యాన్లు పెయింటర్ షెడ్డులోంచి తెచ్చి పెట్టారు. టర్పెంటైన్‌కీ పెట్రోలుకీ వాసన తేడా తెలియనివాణ్ణి ఈ టెర్మినల్‌కి మేనేజర్‌ని చేశారు."

ఆమె హఠాత్తుగా పక్కకి తిరిగింది.

"వాల్వ్ ఎందుకు తెరిచి పెట్టారు?"

ప్రశ్న సేఫ్టీ ఆఫీసర్‌కి. అతను హెల్మెట్ తీశాడు. లోపల బట్టతల, దాని మీద చెమట. పాపం అనిపించాల్సిన ముఖమే గానీ, ఎవరికీ అనిపించలేదు.

"వాన పడుతోందండీ రోజూ. డైక్‌లో నీళ్ళు నిలిస్తే కొత్త రంగు మీద మరకలు పడతాయని... ప్రతిసారీ ఎవడు నిలబడి వదుల్తాడు, తనిఖీ అయ్యేదాకా తెరిచే ఉంచమన్నారు సారు. నైట్ షిఫ్ట్‌కి చెప్పాలి. చెప్పలేదు. మర్చిపోయాం."

"ఫోన్?"

అతను హెల్మెట్‌ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"చేశాడండీ. అయిదున్నరకి. 'జాయింట్ పోయింది సార్, సప్లై ఆపాను, ట్యాంకులో ఉన్నది కారిపోతూనే ఉంది. డైక్ నిండటం లేదు, డ్రెయిన్ ఎవరో తెరిచి పెట్టారు, అంతా వాగులోకి పోతోంది. గుంటలో దిగాలి, మాస్క్ కావాలి' అన్నాడు. మాస్కులు బీరువాలో ఉన్నాయి. తాళం సారు దగ్గరుంది. సారుకి ఫోన్ చేశాను. 'తనిఖీ అయ్యేదాకా బీరువా ముట్టుకోవద్దన్నానా లేదా' అని పెట్టేశారు."

"అద్దం పగలగొట్టొచ్చుగా?"

అతను నేల చూపులు చూశాడు.

"కొత్త అద్దమండీ."

పెయింటర్ తన ఆకుపచ్చ చేతుల్ని వెనక్కి దాచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ హంతకుల్ని చాలామందిని చూసింది. వాళ్ళకి కనీసం కోపమో, ఆశో, పగో ఉండేది. వీళ్ళకి మరకలు పడతాయన్న బెంగ తప్ప ఇంకేమీ లేదు. వీళ్ళని అసహ్యించుకోవడం కూడా వీళ్ళకి ఎక్కువ మర్యాద ఇచ్చినట్టే అనిపించింది.

"జీపు ఎక్కించండి ఇద్దర్నీ," అంది. "చొక్కా మార్చుకుంటానంటే ఒప్పుకోవద్దు."

తనిఖీ అధికారి దగ్గాడు. "మా రిపోర్టులో దీన్ని ఒక చిన్న లోపంగా..."

"రాయండి. రాసి సంతకం పెట్టండి. ఆ సంతకంతో కోర్టులో చాలా పనుంది నాకు."

అతను పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

*

చనిపోయినవాడి భార్య గుంట అంచున నిలబడి ఉంది. లోపలికి చూస్తోంది.

"మేడమ్, ఆయన దిగకపోతే ఏమయ్యేది?"

"ట్యాంకు మొత్తం వాగులోకి పోయేది. ఇప్పుడు పోయింది అందులో పిసరంత. చేపలు పోయాయి. ఆ తర్వాత పశువులు, మనుషులు. ఎక్కడో ఒకడు బీడీ ముట్టిస్తే వాగు వెంట ఊరంతా."

"మేనేజరు గారికే అంతసేపు పట్టింది తిప్పడానికి. ఆయనకి ఒంట్లో ఓపిక కూడా లేదు." ఆమె చక్రం వైపు చూసింది. "మధ్యలో ఊపిరాడనప్పుడు పైకి వచ్చెయ్యొచ్చు కదా?"

ఇన్‌స్పెక్టర్‌కి అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది.

"వచ్చెయ్యొచ్చు. ఛాతీ లోతే."

"సగం మూసి వదిలేస్తే ఎవరైనా తప్పు పట్టేవాళ్ళా?"

"ఎవరూ పట్టరమ్మా."

ఆమె తల ఊపింది. మళ్ళీ ఊపింది. ముఖం ముడుచుకుపోయింది.

"పిచ్చి మనిషి," అంది. "తిక్క మనిషి! ఎవడి కోసం? ఎవడు తెరిచి పెట్టాడని నువ్వు మూశావు? జ్వరం తగ్గలేదు, ఆగమన్నానా లేదా? ఎవడు మూయమన్నాడు నిన్ను?" అలా తిడుతూ తిడుతూ అక్కడే కూలబడి, పొద్దుటి నుంచి లోపల ఉన్నదంతా ఒక్కసారిగా ఏడ్చింది. హెడ్ కానిస్టేబుల్ అటు తిరిగి రుమాలు తీసుకున్నాడు. ఈసారి వాసనకి కాదు.

ఆసుపత్రిలో పోస్ట్‌మార్టం అయ్యి శవం తిరిగొచ్చేసరికి అయిదయింది. వ్యాను సిద్ధంగా ఉంది. టెర్మినల్ గేటు బయట ఊరంతా వచ్చి నిలబడింది. గొడవ లేదు. వార్త అప్పటికే ఇంటింటికీ పాకింది.

పెద్దాయన ముందుకు వచ్చాడు. తలపాగా చేతిలోకి తీసుకున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు. "తెలియక అన్నాం. వ్యానెందుకు? మేం మోస్తాం. ఊరంతా వచ్చి మోస్తాం. నేను ముందు భుజం పడతాను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆయన్ని చూసింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"అవసరం లేదు బాబాయ్. మీరు దారి వదలండి. అంతే చాలు."

పెద్దాయన తల వంచుకున్నాడు. ఒక అడుగు పక్కకి వేశాడు. ఆయన వెనక ఉన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే రోడ్డు దిగి పొలం గట్టు మీదికి జరిగారు.

ఆమె వ్యాను ఎక్కి భర్త పక్కన కూర్చుంది. డ్రైవరు వెనక్కి తిరిగి ఏ దారిన పోవాలని అడిగాడు.

"పెద్ద వీధిలోంచి," అంది. "మెల్లగా పోనివ్వండి."